పుచ్చ పప్పుతో కూర: ఎగుసి పద్ధతి మన వంటింట్లో

ఒంగోలు, కావలి, నెల్లూరు కిరాణా కొట్లలో మగజ్ అని అడిగితే తెల్లటి పుచ్చ పప్పు ఇస్తారు. మన ఇళ్లలో దాన్ని కుర్మా చిక్కబడడానికి గుప్పెడు రుబ్బి పోస్తారు, లేదా స్వీట్ల మీద చల్లుతారు. నైజీరియా, ఘనా, కామెరూన్‌లలో మాత్రం ఆ కుటుంబపు గింజే అసలు కూర. అక్కడి పేరు ఎగుసి. ఆ పుచ్చకాయ కండ చేదుగానో చప్పగానో ఉంటుంది కాబట్టి ఎవరూ తినరు. కాయలు పగలగొట్టి, కండ కుళ్లి వదులయ్యేదాకా వదిలేసి, గింజలు కడిగి ఎండబెట్టి పైపొట్టు వొలుస్తారు.

మన కొట్లో దొరికే పుచ్చ పప్పు వంద గ్రాముల్లో ప్రొటీన్ దాదాపు 28 గ్రాములు, కొవ్వు 47 గ్రాములు, శక్తి 557 కేలరీలు ఉంటాయి. కందిపప్పులో ప్రొటీన్ సుమారు 22 గ్రాములే. పుచ్చ పప్పులో మెగ్నీషియం 500 మిల్లీగ్రాములు దాటుతుంది, జింక్ 10, ఇనుము 7 మిల్లీగ్రాములు. కాల్షియం 54 మిల్లీగ్రాములే కాబట్టి ఎముకల కోసమని దీన్ని తినడంలో అర్థం లేదు. ఇంకో లోటు లైసిన్, అంటే ప్రొటీన్‌లో శరీరానికి తప్పనిసరైన ఒక అమైనో ఆమ్లం. బియ్యంలోనూ అది తక్కువే. అందుకే ఈ కూర అన్నంలోకి చేసినరోజు పక్కన కాస్త పప్పో, పెరుగో ఉండాలి. మనిషికి 30 నుంచి 40 గ్రాముల పుచ్చ పప్పు చాలు, అంతకు మించితే కడుపు బరువెక్కుతుంది.

నలుగురికి 150 గ్రాములు తీసుకోండి. తడి లేని మిక్సీ జార్‌లో ఆపి ఆపి తిప్పాలి. ఒకే ఊపున తిప్పితే జార్ వేడెక్కి, నూనె బయటికొచ్చి పొడి కాస్తా అడుగున ముద్ద కడుతుంది. ఒక చిన్న ఉల్లిపాయ మెత్తగా రుబ్బి, ఆ పొడిలో వేసి, చెంచా చెంచాగా నీళ్లు చిలకరిస్తూ గారెల పిండంత గట్టిగా కలపండి.

మందపాటి గిన్నెలో రెండు మూడు చెంచాల వేరుశనగ నూనె వేయండి. ఎగుసి వండే అక్కడివాళ్లు ఎర్రటి పామాయిల్ ధారాళంగా పోస్తారు గానీ, పప్పులోనే సగం నూనె ఉంది, మనకింత చాలు. ఒక ఉల్లిపాయ తరుగు వేగాక మూడు టమాటాలు, ఐదారు ఎండుమిరపకాయలు కలిపి రుబ్బిన ముద్ద వేసి, నూనె తేలేదాకా వేయించాలి. తలా తోకా తీసి, దోరగా వేయించి కడిగిన ఎండు రొయ్యలు గుప్పెడు వేయండి. అక్కడా ఎండు రొయ్యల పొడి వేస్తారు, కాబట్టి మన కోస్తా వంటింటికి ఈ రుచి కొత్తేమీ కాదు. రెండు గ్లాసుల నీళ్లు పోసి ఉప్పు చూసుకోండి. రొయ్యల్లోనే ఉప్పుంటుంది.

అసలు పని ఇక్కడే. నీళ్లు మరిగాక మంట తగ్గించి, కలిపిన ముద్దని చిన్న చెంచాతో అక్కడక్కడ వదలండి. మూత పెట్టి పది నిమిషాలు గరిటె ముట్టకూడదు. వేడికి ప్రొటీన్ గట్టిపడి, విరిగిన పాలలోని పలుకుల్లా ముక్కలు కడుతుంది. ముందే కలిపితే మొత్తం కరిగి గంజిలా అవుతుంది. ముద్ద పల్చగా కలిపినా అంతే. మంట పెద్దదైతే అడుగంటి, ఆ మాడు చేదు గిన్నె అంతా పాకుతుంది. పది నిమిషాల తర్వాత అడుగునుంచి మెల్లగా తిప్పి, ఇంకో ఐదారు నిమిషాలు ఉంచితే పైకి నూనె తేలుతుంది. అది తేలిందంటే పచ్చివాసన పోయినట్టే.

చివర్లో రెండు కట్టల తోటకూర తరుగు వేసి, ఐదు నిమిషాల్లో దించండి. అక్కడ తీగ గుమ్మడి జాతి ఆకు ఉగు వేస్తారు, కొన్నిచోట్ల చేదాకు. ఆ చేదు కావాలంటే గుప్పెడు మెంతికూర కలపండి. గోంగూర వేయాలనిపిస్తే టమాటాలు ఒకటికి తగ్గించి, ముక్కలు కట్టాకే వేయండి. వాళ్లు దంచిన పెండలం ముద్దతో తింటారు. మనకి కనిగిరి, పొదిలి వైపు జొన్న సంగటి దీనికి చక్కటి జోడు, అన్నం కన్నా బాగుంటుంది.

కొనేటప్పుడు పొడి వద్దు, పప్పే కొనండి. ఒకటి కొరికి చూస్తే తియ్యగా కమ్మగా ఉండాలి. గొంతులో కారంగా గీరినా, పాతనూనె వాసనొచ్చినా వదిలేయండి. సముద్రపు గాలికి మన దగ్గర తొందరగా చెడుతుంది కాబట్టి గాలి చొరని డబ్బాలో, ఫ్రిజ్‌లో పెట్టాలి. బూజు మచ్చ కనిపిస్తే ఏరి వాడడం కాదు, మొత్తం పారేయాలి.

పొలానికి తెచ్చిన పుచ్చ విత్తనం మిగిలిందని ఎన్నడూ వొలవకండి. దానికి పట్టించిన రంగు విత్తనశుద్ధి మందుది, కడిగినా పోదు. ఇసుకల్లో పాకే ఏటిపుచ్చ గింజలూ అంతే, దాని కాయ తీవ్రమైన విరేచనకారి. తినే పుచ్చకాయ గింజల్ని మాత్రం కడిగి, రెండు మూడు ఎండలు కాయనిచ్చి, ఉప్పు నీళ్లలో ముంచి ఆరబెట్టి, బాణలిలో చిటపటలాడేదాకా వేయిస్తే పిల్లలు పొట్టు వొలుచుకుంటూ తింటారు.