వెటెల్ పొరపాటు, వెటెల్ తప్పు

2018 జూలై 22, ఆదివారం, రాత్రి ఎనిమిది కావస్తోంది. విజయవాడలో మా బావ ఇంట్లో పెసరట్ల పళ్లెం ముందు పెట్టుకుని ఫార్ములా వన్ కార్ల పందేల్లో ఒకటైన జర్మనీ గ్రాండ్ ప్రి చూస్తున్నాం. నేను ఫెరారీ డ్రైవర్ సెబాస్టియన్ వెటెల్ పక్షం, బావ మెర్సిడెస్ డ్రైవర్ లూయిస్ హామిల్టన్ పక్షం. 67 ల్యాపుల రేసులో అది 52వ ల్యాపు. హాకెన్‌హైమ్ ట్రాక్ మీద సన్నగా చినుకులు పడుతున్నాయి. వెటెల్ ఫెరారీ అందరికంటే ముందుంది. స్టేడియం లోపలి సాక్స్ మలుపు దగ్గర అతను బ్రేకు వేశాడు. ముందు చక్రాలు తిరిగాయి గానీ కారు తిరగలేదు. ఆ ఎర్ర కారు పెద్ద వేగమేమీ లేకుండానే తారు దాటి, కంకరలోకి జారి, వెళ్లి అడ్డుగోడకు ముక్కు ఆనించింది. అతను చేతులతో స్టీరింగును బాదడం తెర మీద కనిపించింది. బావ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత పళ్లెం నా వైపు జరిపి, "తినరా, చల్లారిపోతుంది" అన్నాడు. అది ఓదార్పో వెటకారమో నాకు ఇప్పటికీ తెలియదు.

14వ స్థానం నుంచి బయలుదేరిన హామిల్టన్ ఆ రేసు గెలిచాడు. పొద్దున ఛాంపియన్‌షిప్ పట్టికలో ఎనిమిది పాయింట్ల ఆధిక్యంతో ఉన్న వెటెల్ సాయంత్రానికి పదిహేడు పాయింట్లు వెనకబడ్డాడు. అతను పుట్టిన హెప్పెన్‌హైమ్ నుంచి ఆ ట్రాక్ కారులో గంట దూరం కూడా ఉండదు. సొంత ఊరివాళ్ల కళ్లముందు జారిపోవడం కంటే పెద్ద శిక్ష ఉంటుందని నేను అనుకోను. అయినా ఆ రాత్రి నుంచి పత్రికల్లోనూ, టీవీ చర్చల్లోనూ ఒకటే మాట: వెటెల్ ఒత్తిడికి తట్టుకోలేడు.

ఆ మాటలో కొంత నిజం ఉందని ఒప్పుకుంటాను. ఆ తర్వాత ఇటలీలోని మోంజాలో మొదటి ల్యాపులోనే హామిల్టన్‌కు తగిలి గిర్రున తిరిగాడు. జపాన్‌లోని సుజుకాలో మాక్స్ వెర్‌స్టాపెన్‌తో, అమెరికాలోని ఆస్టిన్‌లో డేనియల్ రికియార్డోతో మళ్లీ అదే జరిగింది. కానీ "టైటిల్ హాకెన్‌హైమ్‌లోనే పోయింది" అనేవాళ్లు లెక్క వేసి చూడరు. ఏడాది చివర హామిల్టన్‌కు 408, వెటెల్‌కు 320 పాయింట్లు వచ్చాయి, అంటే తేడా 88. ఆ రోజు వెటెల్ గెలిచి, హామిల్టన్ రెండో స్థానంలో వచ్చి ఉంటే తగ్గేది 32 మాత్రమే. మిగిలిన 56 పాయింట్లకు ఆ చినుకులు బాధ్యత వహించవు. వేసవి విరామం తర్వాత మెర్సిడెస్ జోరును ఫెరారీ అందుకోలేకపోయింది. తిలా పాపం తలా పిడికెడు అన్నట్లు పంచుకోవలసిన వైఫల్యాన్ని ఒక్కడి నెత్తిన రుద్దడం సులువు, ఎందుకంటే కారు లోపాన్ని టీవీలో మళ్లీ మళ్లీ చూపించలేరు. కంకరలో దిగబడిన కారునైతే ఎన్నిసార్లయినా చూపించవచ్చు.

నా అసలు అభ్యంతరం మరొకటి. వెటెల్ వైఫల్యాల చిట్టాలన్నిటిలోనూ హాకెన్‌హైమ్ పక్కనే 2017లో అజర్‌బైజాన్‌లోని బాకూలో జరిగిన రేసును కూడా చేర్చి, రెండింటికీ ఒకే పేరు పెడతారు. మన భాషలో పొరపాటుకూ తప్పుకూ తేడా ఉంది. హాకెన్‌హైమ్ పొరపాటు. బాకూలో జరిగింది తప్పు.

నిజానికి బాకూలో కొద్ది క్షణాల వ్యవధిలోనే రెండూ జరిగాయి. ట్రాక్ మీద ప్రమాదమున్నప్పుడు అందరినీ నెమ్మదిగా నడిపించే సేఫ్టీ కార్ పక్కకు తప్పుకోబోతుండగా ముందున్న హామిల్టన్ నెమ్మదిగా నడుపుతున్నాడు. వెటెల్ వేగం పెంచి వెనక నుంచి అతన్ని గుద్దాడు. అది అంచనా తప్పడం, ఎవరికైనా జరగవచ్చు. హామిల్టన్ కావాలనే బ్రేకు వేశాడనుకుని, వెటెల్ పక్కకు వచ్చి, చెయ్యెత్తి కోపంగా ఊపి, కారును అతని మీదికి తిప్పి చక్రానికి చక్రం తగిలించాడు. ఈ రెండోదానికి సమర్థన లేదు. హామిల్టన్ బ్రేకు వేయలేదని కారు నుంచి అందిన సమాచారం చూసి అధికారులు తేల్చారు. వెటెల్‌కు స్టాప్ అండ్ గో శిక్ష పడింది, అంటే జట్లు కార్లను సరిచేసే పిట్‌లోకి వచ్చి పది సెకన్లు ఆగి వెళ్లాలి. అయితే తల వెనక ఉండే రక్షణ దిండు ఊడి రావడంతో హామిల్టన్ కూడా పిట్‌లోకి రావలసి వచ్చింది. చివరికి వెటెల్ నాలుగు, హామిల్టన్ ఐదు. తప్పు చేసినవాడి ఆధిక్యం 12 నుంచి 14కు పెరిగింది.

ఆ రాత్రి ఫోన్‌లో బావతో నేను వాదించిన వాదన తలచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంటుంది. "ముందు రెచ్చగొట్టింది మీవాడే" అన్నాను. "రెచ్చగొట్టాడనే అనుకుందాం. మన బందరు రోడ్డు మీద ఎవడైనా ఇలా చేస్తే ఏమంటావు?" అని బావ అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. వారం తర్వాత, జూలై 3న, తన ముప్ఫయ్యో పుట్టినరోజునే వెటెల్ పారిస్‌లో మోటారు రేసులను నియంత్రించే ఎఫ్‌ఐఏ ముందు హాజరై, పూర్తి బాధ్యత తనదేనని ఒప్పుకుని బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అని బావ ఒక్క ముక్కలో తేల్చేశాడు.

నేను వెటెల్‌కు ఎందుకు అభిమానినయ్యానో చెబితే బావ నవ్వుతాడు. 2013 అక్టోబరులో గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్‌లో నాలుగో టైటిల్ ఖాయం చేసుకున్నాక, అతను ప్రేక్షకుల ఎదుటే కారును గింగిరాలు తిప్పి, దిగి, ఆ కారు ముందు మోకరిల్లి నమస్కరించాడు. నిబంధనలకు విరుద్ధమని జట్టుకు జరిమానా పడింది. కారుకు దండం పెట్టడం, ఆయుధ పూజ నాడు మోటారు సైకిలుకు బొట్టు పెట్టే మనకు ఎంత దగ్గరగా తోస్తుందో వేరే చెప్పాలా? కానీ అదే ఏడాది కొన్ని రేసుల్లో, మొదటి ముగ్గురూ బహుమతులందుకునే పోడియం మీద నిలబడినప్పుడు అతనికి అరుపులూ ఎగతాళే ఎదురయ్యాయి. మలేసియాలో జట్టు ఆదేశాన్ని పెడచెవిన పెట్టి సహచరుడు మార్క్ వెబర్‌ను దాటేసి గెలిచాడన్న కోపం అందులో కొంత ఉంది. అస్తమానం అతనే గెలుస్తున్నాడన్న విసుగు మరికొంత.

2019లో కెనడాలో చక్రం తిరిగింది. ముందుగా గీత దాటింది వెటెలే అయినా, గడ్డి మీదుగా ట్రాక్ మీదికి ప్రమాదకరంగా తిరిగి వచ్చాడని ఐదు సెకన్లు కలపడంతో గెలుపు హామిల్టన్‌కు దక్కింది. కోపంతో వెటెల్ కార్ల ముందుండే ఒకటి, రెండు అంకెల బోర్డులను తారుమారు చేశాడు. పత్రికలకు అంతకంటే పెద్ద విందు ఏముంటుంది! ఆ ఫొటో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఆ తర్వాత పోడియం మీద జనం హామిల్టన్‌ను ఎగతాళి చేస్తుంటే, అతన్ని అనవద్దనీ, కోపముంటే ఈ నిర్ణయాల మీద చూపించమనీ వారించింది కూడా వెటెలే. ఆ దృశ్యాన్ని బోర్డుల ఫొటో పక్కన వేసినవాళ్లు నాకు పెద్దగా కనిపించలేదు.

బాకూ విషయంలో వెటెల్‌ను నల్ల జెండా చూపించి రేసు నుంచే పంపేయవలసిందని బావ అంటాడు. ఇప్పుడు నేనూ అదే అంటాను. హాకెన్‌హైమ్ మాట ఎత్తితే మాత్రం, పెసరట్ల పళ్లెం నేనే అవతలికి జరిపి వాదనకు కూర్చుంటాను.