డైట్‌లో ఉన్నవాణ్ణి పెళ్లికి పిలవకండి

ఫ్యాట్ తగ్గించే దశలో జిమ్ కష్టమేం కాదండీ, బంతిలో కూర్చోవడమే కష్టం. మొన్న భీమవరం దగ్గర పెదనాన్నగారి అమ్మాయి పెళ్లి. విస్తట్లో పులిహోర, గుత్తివంకాయ, గారెలు. నేను ముద్దపప్పు, పెరుగు దగ్గరే తచ్చాడుతున్నా. "ఏరా, ఒంట్లో బాలేదా? అలా చిక్కిపోయావేంటి?" అంది అత్తయ్య. నెలల తరబడి పడ్డ కష్టానికి దక్కిన మెప్పు అదన్నమాట!

డైట్ అన్నానో లేదో, విస్తట్లో పూర్ణం పడింది. ఆవిడే బొటనవేలితో దానికి గుంట చేసి, అందులో నిండా నెయ్యి పోసింది. టేబుల్ స్పూన్ నెయ్యంటే సుమారు 120 క్యాలరీలు. ఆ లెక్క అత్తయ్యకి చెప్పే ధైర్యం ఎవరికుంది? తిన్నాను. బ్రహ్మాండంగా ఉంది. రాత్రికి అన్నం మానేసి గుడ్డులో తెల్లసొనతో సరిపెట్టా.

హైదరాబాద్‌లో స్నేహితులతో బయటికెళ్తే ఇంత ఇబ్బంది ఉండదు. తందూరీ చికెన్, నిమ్మకాయ, ఉల్లిపాయలు చెప్పేస్తా. వండిన బ్రెస్ట్ ముక్క 100 గ్రాములు తింటే 30 గ్రాముల దాకా ప్రోటీన్ వస్తుంది, ఇంకేం కావాలి? కాకపోతే బటర్ వద్దని చెప్పినా కొన్నిచోట్ల పైన పూసే తెస్తారు, అక్కడే నాకు ఒళ్లు మండేది. "ఒక్కరోజుకి ఏం కాదులేరా" అనేవాళ్ల మీద మాత్రం కోపం రాదు, పిలవడం మానేస్తేనే బాధ.

ఈ ఆదివారం ఆఫీసువాళ్లు బిర్యానీకి రమ్మన్నారు. వస్తాను. కానీ బాబూ, బిల్లు మాత్రం అందరికీ సమానంగా పంచకండి!