కాళ్ళేవమ్మా?

మంగళవారం, రాత్రి పదకొండు దాటింది

పొద్దున టిఫిన్ మానేసి నేరుగా ఎడిటింగ్ ల్యాబ్‌కి పోయాను. పదింటి తర్వాత సిస్టమ్ దొరకదు. సెమిస్టర్ ప్రాజెక్టుకి మూడు నిమిషాల డాన్స్ ఫిల్మ్ ఇవ్వాలి. డాన్స్ డిపార్ట్‌మెంట్‌లో జూనియర్ ఒకమ్మాయి కూచిపూడి నాట్యరూపకం భామాకలాపంలోని ప్రవేశ దరువు, అంటే సత్యభామ రంగం మీదికి వచ్చే పాట, చేస్తే, రెండు కెమెరాలు పెట్టి తీశాం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో నాకు బాగా నచ్చేది ఇదే. సరోజినీ నాయుడు స్కూల్ కిందే నాట్యం, నాటకం, చిత్రకళ, కమ్యూనికేషన్ అన్నీ ఉన్నాయి. డాన్సర్ కోసం ఊరంతా వెతకక్కర్లేదు, పక్క డిపార్ట్‌మెంట్‌లో అడిగితే చాలు. మొన్నమొన్నటి దాకా నన్నూ అలాగే ఎవరో ఒకరు అడిగేవారు.

"అక్కా, మీరే చెయ్యొచ్చుగా?" అంది గజ్జెలు కట్టుకుంటూ. నేను చేస్తే తీసేదెవరు అన్నాను. నవ్వింది. అదేం తప్పించుకునే జవాబు కాదు, నిజంగానే నాకిప్పుడు తియ్యడమే కావాలి.

ఇది ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. 2016 డిసెంబరులో విజయవాడ స్టేడియంలో ఆరు వేల మందికి పైగా ఒకేసారి కూచిపూడి చేశాం, గిన్నిస్ రికార్డు కోసం. అందులో నేనూ ఉన్నాను. నాకు కనిపించిందల్లా ముందు వరసలో అమ్మాయి జడ, దాని కింద ఊడిపోతున్న పూలు. ఇంటికొచ్చి టీవీలో చూస్తే పైనుంచి తీసిన షాట్. గ్రౌండంతా ఒక్కసారిగా చేతులెత్తింది. నేను చేసిన నాట్యం ఎలా ఉందో నాకు చూపించింది ఎవరో కెమెరా మనిషి. అమ్మ "నువ్వెక్కడే?" అని తెర మీద వెతుకుతోంది. నేను మాత్రం అంత ఎత్తున నిలబడి తీసిందెవరా అని ఆలోచిస్తున్నాను. తర్వాత కరోనాలో క్లాసులన్నీ ఫోన్లోకి వచ్చాక మా బ్యాచ్‌లో వీడియో అంటే నేనే అయిపోయాను. స్టూలు మీద డబ్బా, డబ్బా మీద ఫోను. డిగ్రీలో చదివిన బీకాం సంగతి ఇక్కడ రాయను.

మధ్యాహ్నానికి రఫ్ కట్, అంటే మొదటి విడత కూర్పు, అయింది. విజయవాడలో నాకు నాట్యం నేర్పిన మాస్టారికి వాట్సాప్ చేశాను. మెస్‌లో పప్పు కలుపుకుంటుంటే ఫోన్.

"మొహం బాగా పట్టావు. కళ్ళు బాగున్నాయి. కాళ్ళేవమ్మా?"

క్లోజప్‌లోనే భావం తెలుస్తుంది కదండీ అన్నాను. క్లాసులో విన్నది అప్పజెప్పినట్టే ఉంది. ఆయన ఒప్పుకోలేదు. "అడుగు తప్పితే మొహంలో తెలుస్తుంది, అడుగు బాగా పడినా తెలుస్తుంది. నువ్వు సగమే చూపించి మొత్తం నమ్మమంటున్నావు."

అప్పుడు నా దగ్గరున్న పెద్ద ఆయుధం తీశాను. పాత పద్ధతిలో సత్యభామ ప్రవేశానికి ఇద్దరు తెర పట్టుకుంటారు. మనిషి కనపడదు, తెర మీదుగా జడ ఒక్కటే ఇవతల పడుతుంది. మరి అది క్లోజప్ కాదా? వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామ వేషాన్ని మాస్టారు కళ్ళారా చూశారు. ఆ జడ చూడగానే జనం ఎలా కదిలేవారో మాకు చెప్పింది ఆయనే. కాబట్టి దొరికిపోయారనుకున్నాను.

మాస్టారు గట్టిగా నవ్వారు. "జడ చూపించాక తెర తీసేస్తాంగా! నువ్వు తియ్యడం లేదు."

మజ్జిగ కూడా తాగకుండా మళ్ళీ ల్యాబ్‌కి పోయాను. టైమ్‌లైన్ మొదటి నుంచి చూస్తే నా కట్లన్నీ మొహం నుంచి చేతికి, చేతి నుంచి మొహానికి. లెక్క మాత్రం పక్కాగా ఉంది. ఆ అమ్మాయి లయ నిమిషానికి దాదాపు 75 దెబ్బలు, మా కెమెరా సెకనుకి 25 ఫ్రేములు. అంటే దెబ్బకి 20 ఫ్రేములు, ఎనిమిది దెబ్బల ఆదితాళం ఒక ఆవర్తనానికి (చుట్టుకి) 160. మృదంగం మనిషి వాయించేది కాబట్టి ఒకటి రెండు ఫ్రేములు అటూ ఇటూ జారుతుంది. ఆ జారడం తెర మీద శబ్దం గీతలో (వేవ్‌ఫామ్‌లో) చూసేలోపే, టేబుల్ కింద తాళం వేస్తున్న నా కాలు దాన్ని కనిపెట్టేస్తుంది. పక్క సిస్టమ్ అబ్బాయి హెడ్‌ఫోన్స్ తీసి "ఆ చప్పుడు నీదేనా?" అన్నాడు ఇవాళ. లెక్క కుదిరింది సరే, కానీ ప్రతి దెబ్బకీ కట్ చేస్తే తాళం ఎడిటర్ వేసినట్టుంటుంది, డాన్సర్ వేసినట్టుండదు.

ఇంకో గొడవ షూటింగ్ నాటిది. చివరి వరసలో కూర్చున్నవాళ్ళకి అందాలని నేర్చుకున్న అభినయం లెన్స్ ముందు పెద్దదిగా కనిపిస్తుంది. అందుకని కళ్ళు కొంచెం తగ్గించమన్నాను. ఆ అమ్మాయి తగ్గించింది. దాంతోపాటే భుజాలూ తగ్గాయి, అడుగూ మెత్తబడింది. మొహానికి విడిగా వాల్యూమ్ బటన్ ఉండదని డాన్స్ చేసినదాన్ని, నాకైనా తట్టాలి. చివరికి మామూలుగానే చెయ్యమని కెమెరానే వెనక్కి జరిపాం. ఇవాళ పనికొచ్చినవి ఆ వెనక్కి జరిపిన షాట్లే.

జడ క్లోజప్‌తో మొదలుపెట్టాను. తర్వాత వైడ్. తీర్మానం, అంటే అడుగుల వరసకి వచ్చే ముగింపు, పూర్తయ్యేదాకా కట్ లేదు, తల నుంచి పాదం దాకా మనిషి మొత్తం ఫ్రేములో. గజ్జెల శబ్దం కెమెరా మైకులో పగిలిపోయింది, నేల దగ్గర పెట్టిన రికార్డర్‌లో మాత్రం శుభ్రంగా ఉంది. నట్టువాంగం (లయ పట్టే తాళాలు) మొదటి దెబ్బనే షూటింగ్ క్లాప్ అనుకుని, ఆ రికార్డర్ శబ్దాన్నీ కెమెరా బొమ్మనీ కలిపాను. ఇంక క్లోజప్ ఒక్కచోటే మిగిలింది. సత్యభామ పక్కకి చూసి సిగ్గుపడే చోటు. అది తీసెయ్యమని మాస్టారు చెప్పినా తియ్యను.

సాయంత్రం అమ్మ ఫోన్. "మాస్టారు కోప్పడ్డారటగా?" ఈయన అప్పుడే అమ్మకి కూడా చెప్పేశారన్నమాట. కోప్పడలేదు, కరెక్షన్ చెప్పారన్నాను. "అయితే ఇంకా నీకు క్లాసు చెబుతూనే ఉన్నారు," అంది, ఏదో నెగ్గినట్టు.

రేపు రివ్యూ. ఆ వైడ్ షాట్ దగ్గర "ల్యాగ్ అవుతోంది, ఇంకో యాంగిల్ లేదా?" అని తప్పకుండా అడుగుతారు. యాంగిల్ ఉంది, కావాలనే వాడలేదని చెబుతాను. మార్కుల గురించి కొంచెం టెన్షన్‌గానే ఉంది. రెండో హార్డ్ డిస్క్‌లోకి కాపీ ఇంకా 40 శాతం దగ్గరే ఉంది, అది అయ్యేదాకా నిద్ర లేదు.