పాదాలు కింద, శిరస్సు పై అంతస్తులో

కార్తీక మాసంలో ఒక్క రోజులో పంచారామాలన్నీ చూసి రావాలని అమ్మ ఏడేళ్ళుగా అంటూనే ఉంది, నేను ఏటా ఏదో ఒక సైటు పని అడ్డం పెట్టి తప్పించుకుంటూనే ఉన్నాను. ఈసారి రెండో సోమవారానికి ముందు రోజే హైదరాబాదు నుంచి విజయవాడ చేరి, రాత్రికి ఆమెతో పాటు యాత్రా బస్సు ఎక్కాను. ఇరవై రెండేళ్ళుగా ఇళ్ళకూ ఆస్పత్రులకూ నక్షలు గీస్తున్నందువల్ల ఏ గుడికి వెళ్ళినా నాకు దేవుడి కంటే ముందు గోడ మందం కనబడుతుంది. ఈ సంగతి తెలిసిన అమ్మ, సీట్లో కూర్చోగానే "అక్కడికొచ్చి స్తంభాలు లెక్కపెట్టకు, బుద్ధిగా దండం పెట్టుకో" అని హెచ్చరించింది.

మా వృత్తిలో కాన్సెప్ట్ అనే మాట ఒకటుంది. డ్రాయింగులు చూపించే ముందు ఆ భవనానికి అర్థమేమిటో నాలుగు వాక్యాల్లో చెబితే గానీ క్లయింటు తృప్తి పడడు. నిజానికి చాలాసార్లు ప్లాను పూర్తయ్యాకే ఆ అర్థం కోసం వెతుక్కుంటాం. ఒక ఆస్పత్రి ముఖద్వారాన్ని నేను "దోసిలి పట్టిన రెండు చేతులు" అని వర్ణించాను, అందరూ మెచ్చుకున్నారు. లిఫ్టులు వేరే చోట ఇమడకపోవడం వల్లనే గోడలు అలా వంగాయని నాకూ, మా స్ట్రక్చరల్ ఇంజనీరుకూ మాత్రమే తెలుసు. అలా పైనుంచి అతికించిన అర్థం మీద నాకు చాలాకాలంగా విసుగుంది. ఈ ప్రయాణంలో ఆ విసుగును వెంట తీసుకెళ్ళాననే చెప్పాలి.

అమరావతి చేరేసరికి తెల్లవారుజాము నాలుగు. కృష్ణ ఒడ్డున మెట్ల మీద ఆడవాళ్ళు వరసగా కూర్చుని అరటి దొప్పల్లో దీపాలు వదులుతున్నారు. అమరేశ్వరుడి లింగం ఎంత పొడవంటే, అర్చకులు ఎత్తైన వేదిక మీద నిలబడి అభిషేకం చేయవలసి వస్తుంది. తారకాసురుడి కంఠంలోని లింగాన్ని కుమారస్వామి ఛేదించినప్పుడు అయిదు ముక్కలై పడిందనీ, వాటిలో ఇదొకటనీ, ఇక్కడ అది ఆగకుండా పెరుగుతుంటే శిఖరాన మేకు కొట్టి ఆపారనీ, అప్పుడు కారిన రక్తమే ఆ ఎర్రటి మరక అనీ చెబుతారు. భక్తులకు ఇది మహిమ. నాకు మాత్రం కట్టేవాళ్ళ బెంగ వినబడింది. లోపల పెట్టవలసింది పైకప్పును మించి పెరిగితే ఏం చేయాలన్న ప్రశ్నకు ఈ కథ ఒక జవాబు. దీనికి మరో జవాబు సాయంత్రం సామర్లకోటలో దొరుకుతుందని అప్పటికి నాకు తెలియదు.

భీమవరం గునుపూడిలో సోమేశ్వరుడు కింద, ఆయన పై అంతస్తులో అన్నపూర్ణాదేవి కొలువై ఉన్నారు. శివుడి మీద అంతస్తు వేసి అమ్మవారిని కూర్చోబెట్టడం శాస్త్రానికి ఎలా కుదిరిందా అని నేను ఆలోచిస్తుంటే, "అన్నం పెట్టే మనిషి పైనే ఉండాలి, ఇందులో ఆలోచించడానికేముంది" అని అమ్మ తేల్చేసింది. పాలకొల్లులో క్షీరారామలింగేశ్వరుడి దగ్గర క్యూ పెద్దది కావడంతో నేను గుడి కంటే గోపురాన్నే ఎక్కువసేపు చూశాను. 9 అంతస్తుల ఆ గోపురం సుమారు 120 అడుగుల ఎత్తు ఉంటుంది. చుట్టూ చదునైన వరిచేల నేల, కొండన్నది కనుచూపు మేరలో లేదు. పొలం గట్టు మీది మనిషికి కూడా గుడి కనబడాలంటే కొండను మనుషులే కట్టుకోవాలి.

ద్రాక్షారామంలో మాత్రం నిలబడిపోయాను. మండుటెండలో విశాలమైన ప్రాకారాలు రెండు దాటుకుంటూ వెళ్ళిన మనిషిని ఆ గుడి ఉన్నట్టుండి చీకట్లోకి లాక్కుంటుంది. గర్భాలయానికి రెండు గోడలున్నాయి, రెంటి మధ్యా ప్రదక్షిణకు సన్నటి దారి ఉంది. ఇలాంటి కట్టడాన్ని శాస్త్రంలో సాంధారం అంటారు. ఇంజనీరింగు లెక్కన చూస్తే ఆ రెండు గోడలూ గర్భాలయం మీద లేచిన కట్టడం, అంటే విమానం బరువును పంచుకుంటాయి. నడిచేవారికి అది వేరొకటి. కళ్ళు పనిచేయవు కాబట్టి చెయ్యి దానంతటదే గోడను వెతుక్కుంటుంది, అడుగు చిన్నదవుతుంది, మాట తగ్గిపోతుంది. నా ముందు నడుస్తున్న ఇద్దరు కుర్రాళ్ళు ఫోను చూసుకుంటూ వచ్చినవాళ్ళే, మొదటి మలుపు తిరిగేసరికి ఎవరూ చెప్పకుండానే దాన్ని జేబులో పెట్టేసుకున్నారు. ఒకప్పుడు ఈ దారిలో గోడకు పొదిగిన రత్నాలు వెలుగునిచ్చేవని అంటారు. లేకపోవడమే మంచిదని నాకనిపించింది, అక్కడ కట్టిన అసలు వస్తువు చీకటే.

ఆ చీకటి తిరిగి, మెట్లెక్కి పై అంతస్తుకు వెళితే అక్కడ వెలుతురులో భీమేశ్వర లింగం పై భాగం దర్శనమిస్తుంది. మెట్లు నిటారుగా ఉన్నాయి. అమ్మ రెండు చేతులూ గోడకు ఆనించి, ఒక్కో మెట్టు దగ్గర ఆగి ఎక్కింది. దిగేటప్పుడు మోకాలు పట్టేసింది. "ఈ మెట్లు కట్టినవాడికి మోకాళ్ళ నొప్పులున్న అమ్మ లేదే" అంది. వృత్తి విమర్శల్లో ఇంత సూటి అయినది నేను ఈ మధ్య వినలేదు.

సామర్లకోట చేరేసరికి పొద్దు వాలుతోంది. ఇక్కడి కుమారారామ భీమేశ్వరాలయాన్ని 892 నుంచి 922 వరకు పాలించిన తూర్పు చాళుక్య రాజు చాళుక్య భీముడు కట్టించాడు. అంటే తంజావూరు పెద్దగుడి కంటే ఇది సుమారు వందేళ్ళు పెద్దది. ఎదురుగా ఏకశిలా నంది ఉంది. చైత్ర వైశాఖాల్లో ఉదయ సాయంత్రాల ఎండ లోపలి లింగాన్ని తాకుతుందని అక్కడివాళ్ళు చెబుతారు. మేం వెళ్ళింది కార్తీకం, మాకా భాగ్యం లేదు. క్యూలో నిలబడి విమానాన్ని చూపిస్తూ అమ్మకు దాని అంగాల పేర్లు చెప్పాను: అధిష్ఠానం, పాదం, ప్రస్తరం, గ్రీవం, శిఖరం, స్తూపి. గ్రీవమంటే మెడ, పాదమంటే కాలు. "అంటే బయట నిలబడి ఉన్నదీ ఆయనేనా?" అని అడిగింది. అంత తేలికగా ఆ మాట నాకెప్పుడూ తట్టలేదు.

లోపలి లింగం 14 అడుగుల ఎత్తు. కింది అంతస్తులో మొదలై, రాతి కప్పును దాటి పై అంతస్తులోకి వెళుతుంది. శాస్త్రం ప్రకారం లింగం అడుగున నాలుగు పలకలుగా ఉండేది బ్రహ్మభాగం, దాని పైన ఎనిమిది పలకలది విష్ణుభాగం, గుండ్రంగా పైకి కనబడేది రుద్రభాగం; ఇక్కడ అర్చన జరిగే రుద్రభాగం కోసం మెట్లెక్కాలి. అమ్మ మోకాలు ఇక ఒప్పుకోలేదు. కింద ద్వారం పక్కన రాతి గోడకు ఆనుకుని కూర్చుని, "నువ్వెళ్ళి రా, నేను పాదాల దగ్గరుంటాను" అంది.

పైకి వెళ్ళాను. కింద కప్పులో మాయమైన రాయి ఇక్కడ నేల పైన కనబడుతోంది, అభిషేకం నీళ్ళతో నల్లగా మెరుస్తోంది. వెనక జనం తోస్తుంటే నిలబడింది అర నిమిషమే అయినా, ఒక విషయం స్పష్టంగా కనబడింది. ఈ గుడిలో ఎక్కడ నిలబడ్డా లింగం మొత్తం కనబడదు. కింద ఉన్నవారికి శిరస్సు లేదు, పైన ఉన్నవారికి పాదాలు లేవు. ఆది అంతం తెలుసుకోవాలని విష్ణువు వరాహమై కిందికి, బ్రహ్మ హంసయై పైకి వెళ్ళి ఓడిపోయిన కథ మనందరికీ తెలిసినదే. ఆ కథను గోడ మీద బొమ్మగా చెక్కడం అన్ని చోట్లా ఉంది. ఇక్కడ గుడి కట్టిన స్థపతి దానిని మెట్లతో, కప్పుతో చెప్పాడు. చూసేవారి కళ్ళకు వదిలిపెట్టకుండా వారి కాళ్ళ చేత చేయించాడు. 1986లో పూర్తయిన ఢిల్లీ బహాయి మందిరం 27 రేకులతో తామర ఆకారంలో ఉంటుంది, నాకు ఆ కట్టడం ఇష్టమే. కానీ తామరను గుర్తుపట్టగానే ఆ ఆకారం చెప్పవలసిన మాట చాలా వరకు అయిపోతుంది. సామర్లకోట గుడి గుర్తుపట్టడానికి ఏమీ ఇవ్వదు, ఎక్కి దిగమంటుంది.

భవనాన్ని నిలువుగా కోస్తే ఎలా ఉంటుందో చూపే చిత్రాన్ని మేం సెక్షన్ అంటాం. ఈ లింగం పూర్తిగా కనబడేది అందులోనే. అంటే పదకొండు వందల ఏళ్ళ కిందట దీన్ని మనసులోనో నేల మీదో గీసుకున్న ఆ మనిషి దాన్ని మొత్తంగా చూసి, ఆ చూపును తర్వాతి వారెవరికీ ఇవ్వకుండా కట్టాడు. నేనైతే క్లయింటుకు అంతా ఒకేసారి కనబడాలని డబుల్ హైట్ హాలు వేసి, చుట్టూ గాజు పెట్టి ఉండేదాన్ని. పోయినేడు ఒక ఇంట్లో మెట్ల కింద మిగిలిన నాలుగడుగుల చోటుకు పూజగది అని పేరు రాసి చేతులు దులుపుకున్న సంగతి కూడా ఆ మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది.

కింద అమ్మ అక్కడే ఉంది. ఎవరో ఇచ్చిన ఉసిరికాయ దీపం ఆమె పక్కన వెలుగుతోంది.

"శిరస్సు చూశావా?"

"చూశాను."

"సాక్ష్యానికి మొగలిపువ్వును తెచ్చుకున్నావా?"

నవ్వేశాను. చేతిలో ఉన్నదల్లా బస్సు టికెట్టు. దాని వెనక అప్పటికప్పుడు సెక్షన్ గీసి చూపించాను: కింది గది, పై గది, రెంటినీ గుచ్చుకుంటూ లేచిన లింగం, పక్కన మెట్లు. అమ్మ కాగితాన్ని దీపం దగ్గరికి వంచి, అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో నేనెక్కడున్నాను?" అని అడిగింది. కింద ద్వారం పక్కన, గోడకు ఆనుకున్నట్టు ఒక చిన్న గీత గీసి ఇచ్చాను.