పేరు చెక్కది, పని ఫెల్టుది

చెక్క కప్పుల హెడ్‌ఫోన్ల గురించి మాట మొదలైతే ముందు కలప పేరే వస్తుంది. మహాగని వెచ్చగా పలుకుతుందట, ఎబొనీ బిగువుగా పలుకుతుందట, వెదురు చురుగ్గా ఉంటుందట. వీటిని విప్పి, మార్చి, మళ్లీ బిగించే పిచ్చి నాకు చాలా ఏళ్లుగా ఉంది. ఆ చనువుతో నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఇక్కడ సొమ్మొకరిది, సోకొకరిది. కప్పు లోపలి ఆకారం, అందులో పరిచిన ఫెల్టు (ఒత్తి చేసిన ఉన్ని గుడ్డ), చెవిని పట్టుకునే ప్యాడ్, గాలి తప్పించుకోకుండా కాసే అంచు... శబ్దాన్ని ఎక్కువగా మార్చేవి ఇవే. కలప జాతి వంతు వీటన్నిటి తర్వాతే.

కలపను చిన్నచూపు చూస్తున్నానని అనుకోవద్దు. 1989లో సోనీ తెచ్చిన ఎండీఆర్-ఆర్10 కప్పులను జెల్కోవా కలపతో చేశారు. ఇప్పటికీ ఆ కలప గురించి కథలు కథలుగా చెప్పుకుంటారు. అదే హెడ్‌ఫోన్‌లో డయాఫ్రంను, అంటే కంపించి శబ్దం పుట్టించే పల్చని పొరను, బ్యాక్టీరియా తయారుచేసే సెల్యులోజ్‌తో చేశారన్న సంగతి మాత్రం సంభాషణలో ఆలస్యంగా వస్తుంది, కొన్నిసార్లు రానే రాదు. గాలిని కదిలించేది డయాఫ్రం అయితే దండలు కప్పుకు పడుతున్నాయి.

నేను ఎక్కువగా పనిచేసింది డెనాన్ ఏహెచ్-డీ2000 మీద. దానికీ దాని అన్న డీ5000కీ లోపల 50 మిల్లీమీటర్ల డ్రైవరే (శబ్దం పుట్టించే చిన్న స్పీకర్), ఇంపీడెన్స్ (కరెంటుకు అది చూపే అడ్డు) 25 ఓమ్‌లే. అన్నకు మహాగని కప్పులు ఉంటాయి, తమ్ముడికి ఉండవు. తమ్ముడికి చెక్క తొడిగితే అన్న అవుతాడా అన్న కుతూహలమే నాతో స్క్రూడ్రైవర్ పట్టించింది. విప్పడం పెద్ద కష్టం కాదు. ప్యాడ్‌ను కాస్త తిప్పితే ఊడి వస్తుంది. దాని కింద డ్రైవర్‌ను మోసే పలక కనిపిస్తుంది, దాన్నే బాఫిల్ అంటారు. దాని చుట్టూ ఉన్న నాలుగు స్క్రూలు తీస్తే కప్పు విడిపోతుంది.

నా కప్పులు టేకువి. లేత్ మీద కప్పు తిప్పడంలో అసలు పరీక్ష ఓపికకే. దిమ్మను ఒకే దెబ్బలో చివరి కొలతకు తెచ్చేస్తే, లోపలి తేమ ఆరే కొద్దీ గుండ్రని కప్పు కోడిగుడ్డు ఆకారంలోకి జారుకుంటుంది. అందుకే గోడలు మందంగా ఉంచి, ముతకగా తొలిచి, కొన్ని వారాలు పక్కన పెట్టి, కదలాల్సినంత కదిలాక చివరి కొలతకు తిప్పాను. ఇదంతా అందం కోసం చేసే చాదస్తం కాదు. బాఫిల్ గుండ్రంగా, కప్పు కోలగా ఉంటే రెండింటి మధ్య సన్నని సందు మిగులుతుంది. ఆ సందులోంచి గాలి పోయిందంటే బాస్ (మంద్ర ధ్వని) కూడా దాని వెంటే పోతుంది. కప్పు అంచున పల్చని ఫోమ్ టేపు వరుస ఒకటి అతికిస్తే ఈ బెడద తీరుతుంది. కొత్త కప్పు పెట్టాక బాస్ తగ్గిందని, నేరం కలప జాతి మీద మోపేవారు ముందు ఆ అంచును చూసుకోవాలి.

టేకుతో ఇంకో చిక్కు ఉంది. అందులో సహజంగానే నూనె ఉంటుంది, జిగురు సరిగా పట్టదు. ఫెల్టు అతికించే ముందు లోపలి గోడను అసిటోన్‌తో తుడిచి, అది ఆరగానే జిగురు రాయాలి. ఆలస్యం చేస్తే నూనె మళ్లీ పైకి తేలుతుంది. చెక్కలోకి స్క్రూ బిగించేటప్పుడు కూడా ఒక చిన్న కిటుకు పాటిస్తాను. స్క్రూను ముందు వెనక్కి తిప్పుతూ పోవాలి. ఒకచోట అది పాత మరలోకి జారి 'టక్' మంటుంది. అప్పుడు ముందుకు తిప్పాలి. ఇలా చేస్తే ప్రతిసారీ చెక్కలో కొత్త గాడి పడదు. మాటిమాటికీ విప్పే నాలాంటివాడికి ఇది ప్రాణాధారం.

ఇక ఫెల్టు దగ్గరికి వద్దాం. డ్రైవర్ ముందుకు ఎంత శబ్దం పంపుతుందో వెనక్కీ దాదాపు అంతే పంపుతుంది. అది కప్పు గోడకు తగిలి తిరిగొచ్చి, పల్చని డయాఫ్రంను దాటుకుని మళ్లీ చెవికి చేరుతుంది. కప్పు లోతు 4 సెంటీమీటర్లు అనుకుందాం. శబ్దవేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. ఆ లోతు సగం తరంగానికి సరిపోయే చోటు 4,300 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. అంటే గొంతులోని 'స', 'ష'ల పదును మొదలయ్యే ప్రాంతానికి దగ్గర్లోనే ఖాళీ కప్పు మోగుతుంది. అరసెంటీమీటరు మందం ఉన్న ఉన్ని ఫెల్టు వెనక గోడకు అతికించి, దాని ముందు కాస్త దూదిని వదులుగా విప్పి పెడితే ఆ మోత బాగా తగ్గుతుంది. తంబూరా శ్రుతి వింటే తేడా వెంటనే పట్టుబడుతుంది. ఖాళీ కప్పులో తీగల మీద గీరినట్టుండే ఒక మెరుపు వినిపిస్తుంది, ఫెల్టు తర్వాత తీగలు విడివిడిగా వినిపిస్తాయి.

ఫెల్టు ఏం చేయలేదో కూడా చెప్పాలి. 100 హెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు సుమారు 3.4 మీటర్లు, దాని ముందు అరసెంటీమీటరు ఫెల్టు ఏపాటిది? బాస్‌ను మార్చాలంటే కప్పు లోపలి పరిమాణాన్ని మార్చాలి. మూసిన కప్పులోని గాలి డయాఫ్రంకు స్ప్రింగులా పనిచేస్తుంది. ఖాళీ పెరిగితే స్ప్రింగు మెత్తబడుతుంది, బాస్ ఇంకాస్త కిందికి దిగుతుంది. రెండు చెక్క కప్పుల మధ్య బాస్‌లో తేడా వినిపిస్తే నేను కలప పేరు అడగను, స్కేలు తీసి లోతు కొలుస్తాను. బాఫిల్ వెనక అల్యూమినియం పూత ఉన్న బ్యుటైల్ రబ్బరు ముక్కలు అతికించడం నాకు నచ్చిన మరో పని. పలక కంపించడం తగ్గుతుంది. బాఫిల్ మీది చిన్న రంధ్రాలను మాత్రం ముట్టుకోకూడదు, అవి ఊరికే పెట్టినవి కావు.

ప్యాడ్ గురించి ఒక్క ముక్క, కానీ ముఖ్యమైన ముక్క. అణిగిపోయిన ప్యాడ్‌తో డ్రైవర్ చెవికి మరీ దగ్గరవుతుంది, కళ్లజోడు కాడ దగ్గర గాలి సందు ఏర్పడుతుంది. కొత్త కప్పులు కొనాలని తహతహలాడేవారు ముందు కొత్త ప్యాడ్లు వేసి వినాలి. సగం మందికి అక్కడితో పని అయిపోతుంది.

కేబుల్ మార్పును నేను సౌకర్యం కోసమే చేశాను. 3 మీటర్ల తీగను మోయలేక ఊడదీసే వీలున్న సాకెట్లు పెట్టాను. శబ్దం మెరుగుపడిందని చెప్పమంటే చెప్పలేను. టంకం వేసేటప్పుడు డ్రైవర్ కాళ్లను ఎక్కువసేపు వేడి చేయకూడదు, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కరుగుతుంది. పని అయ్యాక ఒకే ఛానల్ పాటను రెండు చెవులకూ పంపి వినాలి. గొంతు సరిగ్గా నడుమ నిలవకుండా తల చుట్టూ తేలుతూ, మృదంగం తొప్పి బోలుగా వినిపిస్తే ఒకవైపు తీగలు తారుమారయ్యాయని అర్థం. బ్యాలెన్స్‌డ్ ఆంప్ (హెడ్‌ఫోన్‌కు సిగ్నల్ పెంచి ఇచ్చే ఆంప్లిఫయర్) కోసం నాలుగు పిన్నుల కేబుల్ చేసేవారు ఎడమ, కుడి డ్రైవర్ల మైనస్ తీగలను ఎక్కడా కలపకూడదు. ఆ ఆంప్‌లో రెండు మైనస్ కొసలకూ విడివిడిగా సిగ్నల్ వస్తుంది, కలిపితే ఆంప్ రెండు అవుట్‌పుట్‌లను షార్ట్ చేసినట్టే.

ఇప్పుడు ఆంప్. డీ2000 ఒక మిల్లీవాట్‌కు 106 డెసిబెళ్లు పలుకుతుంది. చెవులు అదిరే 110 డెసిబెళ్లకు కావలసింది 2.5 మిల్లీవాట్లు, అంటే 25 ఓమ్‌ల మీద పావు వోల్టు, 10 మిల్లీఆంపియర్లు. ఫోను కూడా ఇవ్వగలిగినంత. కాబట్టి ఇలాంటి హెడ్‌ఫోన్‌కు ఆంప్‌ను వాట్లు చూసి ఎంచుకోవడంలో అర్థం లేదు. చూడవలసినవి మరో మూడు: అవుట్‌పుట్ ఇంపీడెన్స్ (ఆంప్ కొసలో ఉండే అడ్డు), గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందన్నది), రొద.

మొదటిదాని లెక్క చూడండి. పాత ఐఈసీ 61938 ప్రమాణం హెడ్‌ఫోన్ అవుట్‌పుట్‌కు 120 ఓమ్‌లు సూచించింది. స్పీకర్ ఆంప్‌లలో చాలావాటి హెడ్‌ఫోన్ జాక్ స్పీకర్ లైనుకే వందల ఓమ్‌ల రెసిస్టర్ తగిలించి తీసినది. హెడ్‌ఫోన్ 25 ఓమ్‌లే అయినా, డ్రైవర్ అనునాదం దగ్గర, అంటే అది సహజంగా ఎక్కువ ఊగే చోట, అది 35కు పెరిగిందనుకుందాం. 120 ఓమ్‌ల ఆంప్‌తో ఆ చోట బాస్ 2.3 డెసిబెళ్లు ఉబ్బుతుంది. ఒక ఓమ్ ఆంప్‌తో ఆ ఉబ్బు 0.1 డెసిబెల్ మాత్రమే. అసలే బాస్ పుష్కలంగా ఉన్న హెడ్‌ఫోన్‌కు ఆ ఉబ్బు తోడైతే తొప్పి మోత వాయిద్యంలో కాక గదిలో ఉన్నట్టు సాగుతుంది. దీన్నే కొందరు 'ట్యూబ్ వెచ్చదనం' (పాతకాలపు వాక్యూమ్ ట్యూబుల ఆంప్‌ల సొగసు) అని మురిసిపోతారు. నాకది రెసిస్టర్ వెచ్చదనం.

గెయిన్ సంగతి ఇంకా విడ్డూరం. డిజిటల్ పాటను విద్యుత్ సిగ్నల్‌గా మార్చే డీఏసీల లైన్ అవుట్ సాధారణంగా 2 వోల్టులు. మనకు కావలసింది పావు వోల్టు. అంటే ఆంప్ పెంచాల్సిన అవసరం లేదు, తగ్గించాలి. గెయిన్ ఎక్కువున్న ఆంప్‌కు దీన్ని తగిలిస్తే వాల్యూమ్ నాబ్ మొదటి గీత కూడా దాటదు. అంత కింద నాబ్ తిప్పే పొటెన్షియోమీటరులో రెండు ఛానళ్లూ సమంగా ఉండవు, పాట ఒక చెవికి వాలిపోతుంది. పైగా నాబ్ తర్వాతి దశల రొద మొత్తం బుస్సుమని వినిపిస్తుంది. 2011లో వచ్చిన ఆబ్జెక్టివ్2 అనే హెడ్‌ఫోన్ ఆంప్ డిజైన్ నాకు ఇందుకే ఇష్టం. అవుట్‌పుట్ ఇంపీడెన్స్ ఒక ఓమ్‌లోపే, రొద వినిపించదు, మామూలుగా 2.5, 6.5 రెట్లుండే గెయిన్‌ను రెసిస్టర్లు మార్చి 1కి దించుకోవచ్చు. నాది అలా దించినదే.

ఒకే ఇంపీడెన్స్ ఉంటే ఒకే ఆంప్ సరిపోతుందనుకోవడం కూడా సరికాదు. ఫోస్టెక్స్ టీహెచ్-ఎక్స్00 కూడా 25 ఓమ్‌లే, చెక్క కప్పులే. కానీ ఒక మిల్లీవాట్‌కు 94 డెసిబెళ్లు. 12 డెసిబెళ్ల తేడా అంటే 16 రెట్ల శక్తి. అదే 110 డెసిబెళ్లకు 40 మిల్లీవాట్లు, ఒక వోల్టు, 40 మిల్లీఆంపియర్లు కావాలి. ఇక్కడ నీరసమైన ఫోను జాక్ తడబడుతుంది, కరెంటు ఇవ్వగల ఆంప్ ఉంటే నిలబడుతుంది.

ట్యూబుల మీద మోజు తీరనివారికి దారి లేకపోలేదు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నవి, లేదా చివరి దశలో ట్రాన్సిస్టర్లున్న హైబ్రిడ్లు చూసుకోవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ లేని, అవుట్‌పుట్ ఇంపీడెన్స్ ఎక్కువుండే ఓటీఎల్ ట్యూబ్ ఆంప్ నా బల్ల మీదా ఒకటి ఉంది. దానికి 300 ఓమ్‌ల సెన్‌హైజర్ హెచ్‌డీ 600 తగిలించి ఉంటుంది, ఆ రెండింటికీ చక్కగా కుదిరింది. టేకు కప్పుల జతను మాత్రం ఆ జాక్ వైపు పోనివ్వను.