48 గ్రాఫులకు పేర్లు పెట్టాను: నా అనుభవం

నిన్న రాత్రి పదకొండున్నరకి అయిపోయింది. ఆర్కే బీచ్, రుషికొండ, భీమిలి, యారాడ, ఈ నాలుగు చోట్ల సముద్రపు నీటి ఉష్ణోగ్రత, నెలకో ఫైలు చొప్పున ఏడాదికి 48 ఫైళ్లు. ప్రతిదానికీ గ్రాఫు గీసి పైన చోటు పేరు, నెల వేయాలి. పోయినసారి చేత్తో టైప్ చేస్తే భీమిలి గ్రాఫు మీద యారాడ పేరు పడింది. రివ్యూలో మా సార్ అందరి ముందూ "ఏ నీళ్లు ఎక్కడివో చూసుకోకుండానే వచ్చేశావేంటమ్మా" అన్నారు. అందుకే ఈసారి షెల్ స్క్రిప్ట్ (షెల్ అంటే మనమిచ్చే కమాండ్లని చదివి నడిపే ప్రోగ్రామ్, ఆ కమాండ్లని వరసగా రాసిన ఫైలే స్క్రిప్ట్) రాద్దామని కూర్చున్నాను.

ఫైళ్ల మీద లూప్ తిప్పడం, ఫైలు పేరులోంచి చోటూ నెలా విడదీయడం పది నిమిషాల పని. ఆ పేర్లని, గ్రాఫులు గీసే ప్రోగ్రామ్ గ్నూప్లాట్‌కి అందించే దగ్గర రెండు రాత్రులు పోయాయి. గ్నూప్లాట్ కమాండ్లని స్క్రిప్ట్‌లోనే హియర్ డాక్యుమెంట్‌గా రాసి, అంటే ఒక ముగింపు పదం వచ్చేదాకా ఉన్న లైన్లన్నీ దానికి వెళ్లేలా పెట్టి, ఆ ముగింపు పదానికి సింగిల్ కోట్స్ పెట్టాను. కోట్స్ ఉంటే షెల్ డాలర్ గుర్తున్న పేర్ల బదులు వాటి విలువలు పెట్టదు. అన్ని గ్రాఫుల మీదా చోటు పేరుకి బదులు డాలర్ గుర్తుతో సహా నా వేరియబుల్ పేరే వచ్చింది. కోట్స్ తీసేస్తే ఇన్‌వాలిడ్ ఎక్స్‌ప్రెషన్ అని ఎర్రర్, బొమ్మల ఫైళ్లన్నీ ఖాళీ. మా సెన్సర్ విలువల్ని పది రెట్లు చేసి రాస్తుంది కాబట్టి రెండో కాలమ్‌ని ($2/10) అని భాగించుకోవాలి. నేను మార్చింది కోట్స్ మాత్రమే, మరి భాగహారం ఎందుకు తప్పవుతోంది? ల్యాబ్‌లో సీనియర్‌ని అడిగితే స్క్రీన్ వైపు చూడకుండానే "ముందు బేసిక్స్ చదువుకో" అన్నాడు. తెలిసిన ఒక్క ముక్క చెప్తే ఏం పోయిందండీ? నేనైతే జూనియర్లు ఎవరడిగినా పక్కన కూర్చుని చూపిస్తాను.

చివరికి గ్నూప్లాట్ అని ఉన్నచోట క్యాట్ అని (అందిందాన్ని ఉన్నదున్నట్టు తెర మీద చూపించే కమాండ్) పెట్టి నడిపాను. షెల్ అసలు ఏం పంపుతోందో తెర మీద కనిపించింది: (/10). కోట్స్ లేకపోయేసరికి $2 కూడా తన వేరియబులే అనుకుంది షెల్, అందులో ఏమీ లేదు కాబట్టి మాయం చేసేసింది. $2 ముందు బ్యాక్‌స్లాష్ పెట్టగానే షెల్ దాన్ని ముట్టుకోకుండా వదిలేసింది, గ్రాఫులు వచ్చేశాయి. మీరు మాత్రం ముందే క్యాట్‌తో చూసుకోండి.

ఇంకో చిక్కు: గ్రాఫు పైన పేరులో ఆర్కే, బీచ్ మధ్య అండర్‌స్కోర్ వల్ల పక్క అక్షరం కిందికి జారి చిన్నదైపోయింది. గ్నూప్లాట్ 5 నుంచి ఎన్‌హాన్స్‌డ్ మోడ్ (అండర్‌స్కోర్ లాంటి గుర్తుల్ని అక్షరాల అమరికకి ఆదేశాలుగా తీసుకునే పద్ధతి) ముందే ఆన్‌లో ఉంటుంది, టైటిల్ చివర నోఎన్‌హాన్స్‌డ్ అని చేరిస్తే సరిపోయింది.

పొద్దున్నే 48 గ్రాఫులూ సార్‌కి పంపాను. మధ్యాహ్నం ఆ సీనియరే వచ్చి స్క్రిప్ట్ ఇమ్మన్నాడు, ఇంకా ఇవ్వలేదు.