బీరు కాచే నీళ్ల సంగతి

ఇంట్లో బీరు కాచేవాళ్లు మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), హాప్స్ (చేదునిచ్చే పువ్వులు) గురించి గంటలు గంటలు మాట్లాడతారు. నీళ్ల ఊసే ఎత్తరు. గ్లాసులో 90 శాతం పైగా ఉండేది అవేనండీ!

ఈసారి కుళాయి నీళ్లే వాడాను. ముందుగా నీళ్లలోని క్లోరిన్, క్లోరమిన్ పోగొట్టే క్యాంప్‌డెన్ మాత్రలో పావు ముక్క పొడి చేసి కలిపాను. 20 లీటర్లకి అది చాలు. క్లోరిన్ అయితే మరిగిస్తే పోతుంది. క్లోరిన్, అమ్మోనియా కలిసిన క్లోరమిన్ ఉందే, అది అంత తేలిగ్గా వదలదు. మాల్ట్‌లోని ఫినాల్స్ అనే పదార్థాలతో కలిసిందా, బీరంతా ఆసుపత్రి వాసనే.

ఆర్ఓ నీళ్లు వాడొచ్చుగా అంటారు. వాడొచ్చు, కానీ అందులో ఖనిజాలు దాదాపు ఉండవు. కాస్త జిప్సం (కాల్షియం సల్ఫేట్) వేస్తే హాప్స్ చేదు పదునెక్కుతుంది. కాల్షియం క్లోరైడ్ వేస్తే మాల్ట్ రుచి నిండుగా తెలుస్తుంది. ఇంగ్లండ్‌లోని బర్టన్ ఊరి పేల్ ఏల్ బీరుకి అంత పేరు రావడంలో అక్కడి సల్ఫేట్ నీళ్లది పెద్ద చెయ్యి. చెక్ దేశపు పిల్స్‌నర్ బీరుకేమో దాదాపు ఉప్పుల్లేని మృదుజలం కలిసొచ్చింది.

నిన్న మ్యాష్ (వేడినీళ్లలో నానబెట్టిన మాల్ట్) పీహెచ్, అంటే ఆమ్లత కొలత, 5.4 దగ్గర కనిపించింది. స్ట్రిప్ రంగు చూసి చెబుతున్నా లెండి, మీటర్ కొనడానికి ఇంకా చెయ్యి రావట్లేదు.